పాట వెనక రొద

కర్ణాటక సంగీత రికార్డింగులో గాత్రం మొదలయ్యే ముందు కాసేపు తంబురా ఒక్కటే మోగుతుంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడికి తంబురాలోని పంచమం తీగ సుమారు 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. దాన్ని డీసీగా మార్చే పవర్ సప్లైలో పుట్టే రొద అందుకు రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. ఇంత దగ్గరగా ఉన్న రెండు నాదాలు ఒకేసారి మోగితే సెకనుకు రెండుసార్లు చొప్పున పెరుగుతూ తగ్గే ఊపు చెవికి తెలుస్తుంది. తంబురా శ్రుతి చేసేవారు పూస జరుపుతూ, బిరడా తిప్పుతూ ఓపికగా తీసేసేది సరిగ్గా ఆ ఊపునే. స్పీకర్లోంచి వచ్చే గుయ్యిమనే రొద దాన్ని మళ్లీ తెచ్చిపెడుతుంది. డప్పులూ డ్రమ్ములూ నిండిన సినిమా పాటలో అది కలిసిపోతుంది, నిజమే. వీణ మీటు సన్నగిల్లుతూ మౌనంలోకి జారే చోట, ఆలాపనలో ఊపిరి తీసుకునే చోట మాత్రం దాక్కోదు. మంచి స్పీకర్లకు వేలు ఖర్చుపెట్టి, ఆ మౌనాన్ని పోగొట్టుకోవడం నష్టమే.

ఈ రొద రాగానే చాలామంది యాంప్లిఫయర్‌ను అనుమానిస్తారు. కొందరు ఖరీదైన కేబుళ్లు కొంటారు. పరికరం బాగున్న ఇళ్లలో అసలు కారణం తరచుగా టీవీ యూనిట్ వెనక ఉంటుంది: ఏ వైరు ఏ దారిన వెళ్లింది, ఏ పరికరం ఎక్కడ ఎర్త్‌ను తాకింది అన్నవే తేలుస్తాయి. మన అపార్ట్‌మెంట్లలో ఆ దారి ఎలా తయారవుతుందో చూడండి. ఇంటీరియర్ పనివారు గోడలో ఒకే పీవీసీ పైపు వేస్తారు, యూనిట్ వెనక చెక్కకు ఒకే రంధ్రం పెడతారు. పవర్ కార్డులు, హెచ్‌డీఎంఐ, సబ్‌వూఫర్ కేబుల్, కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్ వైరు అన్నీ అందులోంచే పోతాయి. మిగిలిన పొడవును చుట్టచుట్టి, జానెడు జానెడుకూ టై వేసి బిగిస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. సిగ్నల్ దృష్టితో చూస్తే అంతకన్నా చెడ్డ అమరిక మరొకటి ఉండదు. కంటికి నచ్చే పొందిక, చెవికి నచ్చే పొందిక వేరువేరని ఒప్పుకుంటేనే ఈ సమస్యకు పరిష్కారం మొదలవుతుంది.

కరెంటు ప్రవహించే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది మారుతున్నప్పుడు పక్కనున్న మరో తీగలో వోల్టేజీ పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. పవర్ కార్డునూ సిగ్నల్ కేబుల్‌నూ రెండు మీటర్ల పొడవునా కలిపి కట్టామంటే, తెలియకుండానే ఒక బలహీనమైన ట్రాన్స్‌ఫార్మర్ తయారుచేసినట్టు. రెండూ పక్కపక్కనే ఎంత దూరం నడిస్తే రొద అంత పెరుగుతుంది. ఒకదాన్నొకటి లంబంగా దాటితే దాదాపు ఏమీ అంటదు. దూరం చేసే మేలు ఇంకా పెద్దది. పవర్ కార్డులో వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఆనుకునే ఉంటాయి కాబట్టి వాటి క్షేత్రాలు చాలావరకు రద్దయిపోతాయి. మిగిలిన కొసరు, దూరం పెరిగేకొద్దీ దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 3 సెంటీమీటర్ల ఎడాన్ని 30 సెంటీమీటర్లు చేస్తే క్షేత్రం వందో వంతుకు పడిపోతుంది. అడాప్టర్, యాంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ వంటి వాటి క్షేత్రం అంతకన్నా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. ఒక్క జానెడు జరపడం ఇంత పని చేస్తున్నప్పుడు ఆ జానెడు చోటు ఎందుకు ఇవ్వకూడదు?

టెలిఫోన్ ఇంజినీర్లు ఈ పాఠాన్ని చాలా ముందే నేర్చుకున్నారు. పక్క లైన్ల మాటలూ, కరెంటు లైన్ల రొదా ఫోన్లలోకి చొరబడుతున్న రోజుల్లో, 1881లోనే, అలెగ్జాండర్ గ్రాహం బెల్ రెండు తీగలను ఒకదాని చుట్టూ ఒకటి మెలితిప్పే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మెలితిప్పిన జంటలో రెండు తీగలకూ రొద దాదాపు సమానంగా అంటుతుంది. అవతలి కొసన ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటే రొద రద్దయి మాట మిగులుతుంది. స్తంభాల మీద మైళ్ల కొద్దీ సాగిన తీగలకు షీల్డు వేయడం సాధ్యం కాదు. అక్కడ నిర్ణీత దూరాల్లో తీగల స్థానాలను మార్చి అదే ఫలితం సాధించారు. ఈనాటి ఇంటర్నెట్ వైరులోని నాలుగు జంటలు మెలితిరిగి ఉండేదీ, స్టూడియోల్లో మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు వాడేదీ ఇందుకే. మన ఇళ్లలోని ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులకు ఆ అదృష్టం లేదు. అందులో మధ్య తీగ ఒకటి, చుట్టూ జల్లెడలాంటి షీల్డు ఒకటి. ఆ షీల్డే సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా. రేడియోకు గ్రామఫోన్‌ను కలపడానికి ఆర్‌సీఏ కంపెనీ రూపొందించిన ఈ పొట్టి కనెక్షన్‌తో మనం హాలు ఈ మూల నుంచి ఆ మూలకు సబ్‌వూఫర్‌ను కలుపుతున్నాం.

షీల్డు ఉన్న కేబుల్ వాడితే ఇంక దూరం పాటించడం దేనికని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. షీల్డు విద్యుత్ క్షేత్రాన్ని బాగా ఆపుతుంది. షీల్డు తెగిపోయిన పిన్నును చేత్తో తాకితే బుయ్‌మని పెద్ద శబ్దం వచ్చేది అందుకే. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ముందు మాత్రం రాగి నిలవలేదు. ఆ పౌనఃపున్యం దగ్గర క్షేత్రం రాగిలో చొచ్చుకుపోయే లోతు సుమారు 9 మిల్లీమీటర్లు; కేబుల్ షీల్డు మందం మిల్లీమీటరులో చిన్న భాగం. కాబట్టి ఎంత ఒత్తుగా అల్లిన షీల్డయినా ఆ క్షేత్రానికి దాదాపు లేనట్టే. దాన్ని తగ్గించేవి దూరం, లంబకోణం, మెలిక.

అన్ని కేబుళ్లకూ ఒకే జాగ్రత్త అక్కర్లేదు. సీడీ ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. దాంట్లో ఒక మిల్లీవోల్టు రొద కలిసినా రెండు వేలలో ఒక వంతే. ఎల్పీ రికార్డులు వినిపించే టర్న్‌టేబుల్ సూది ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అక్కడ అదే ఒక్క మిల్లీవోల్టు పాటలో కనీసం అయిదో వంతు. పైగా 1954 నుంచి అమల్లో ఉన్న ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం రికార్డు మీద తగ్గించి చెక్కిన బాస్‌ను వినేటప్పుడు తిరిగి పెంచాలి. 50 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు దాదాపు ఏడు రెట్లు, పాటతోపాటు రొదకూ అదే పెంపు. టర్న్‌టేబుల్ వైరును పవర్ కార్డులకూ, అడాప్టర్లకూ, యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ అందనంత ఎడంగా ఉంచాలని గట్టిగా చెప్పేది అందుకే. ఇటు స్పీకర్ వైరు దీనికి పూర్తిగా భిన్నం. అది నడిపేది 4, 8 ఓముల స్పీకర్‌ను. వెనక యాంప్లిఫయర్ దాన్ని బలంగా పట్టి ఉంచుతుంది. బయటి రొద దాన్ని కదిలించడం కష్టం. అయినా షాపుల్లో ఈ స్పీకర్ వైరు మీద డబ్బు పోయడం బాధ కలిగించే విషయం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. వైర్లన్నీ విడదీసి, దూరంగా జరిపి, లంబంగా దాటించినా రొద ఏమాత్రం తగ్గలేదంటే అది క్షేత్రాల పని అయ్యుండదు, గ్రౌండ్ లూప్ అయ్యుంటుంది. యాంప్లిఫయర్ ఒక సాకెట్లో, సబ్‌వూఫర్ గది అవతలి గోడ సాకెట్లో ఉన్నాయనుకోండి. రెండింటికీ మూడు పిన్నుల ప్లగ్గులే. రెండు సాకెట్ల ఎర్త్ తీగలు ఎక్కడో మీటర్ బోర్డు దగ్గర కలుస్తాయి. ఇవతల ఆర్‌సీఏ కేబుల్ షీల్డు రెండు పెట్టెలనూ మళ్లీ కలుపుతుంది. వలయం పూర్తయింది. రెండు ఎర్త్ కొసల మధ్య వోల్టేజీలో కొద్దిపాటి తేడా ఉన్నా ఆ వలయంలో కరెంటు పారుతుంది, షీల్డు గుండా కూడా. అది 10 మిల్లీ యాంపియర్లు, షీల్డు నిరోధం 0.1 ఓం అనుకుంటే పుట్టే వోల్టేజీ ఒక మిల్లీవోల్టు. షీల్డే సిగ్నల్‌కు తిరుగు దారి కాబట్టి ఆ మిల్లీవోల్టు నేరుగా పాటలో కలుస్తుంది. 0.3 వోల్టుల సిగ్నల్లో అది మూడు వందల్లో ఒక వంతు. రాత్రివేళ నిశ్శబ్దంగా ఉన్న హాల్లో స్పష్టంగా వినిపిస్తుంది. సబ్‌వూఫర్ ఒక్కటే ఇందుకు కారణం కానక్కర్లేదు. కేబుల్ ఆపరేటర్ వైరు డాబాల మీదుగా, స్తంభాల మీదుగా వస్తూ ఇంకెక్కడో ఎర్త్‌ను తాకుతుంది. దాన్ని సెట్‌టాప్ బాక్స్‌కు బిగించి, బాక్స్‌ను టీవీకీ, టీవీని యాంప్లిఫయర్‌కూ కలిపితే మన ఎర్తూ, వీధి ఎర్తూ మన ఆడియో కేబుల్ గుండా ముడిపడతాయి. డాబా మీది డిష్ యాంటెన్నాతోనూ ఇదే జరగవచ్చు.

గ్రౌండ్ లూప్‌కు మన ఊళ్లలో అందరికీ తెలిసిన మందు ఒకటి ఉంది: ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయడం, లేదా రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టడం. చేయగానే రొద ఆగిపోతుంది. ఆగింది కదా, ఇంక ఏం కావాలన్న వాదన బలంగా వినిపిస్తుంది. వలయం తెగింది కాబట్టి రొద ఆగడం నిజమే. కానీ ఆ పిన్ను అక్కడ ఉన్నది లోపల ఫేజ్ తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపి, ఫ్యూజో ఎంసీబీయో పడేలా చేయడానికి. అది తీసేస్తే ఆ కరెంటుకు రెండే దారులు మిగులుతాయి. ఒకటి, సన్నని ఆర్‌సీఏ షీల్డు గుండా పక్క పరికరంలోకి. అంత కరెంటును మోసే శక్తి దానికి లేదు. రెండోది, పెట్టెను తాకిన మనిషి. లోపం ఏమీ లేకపోయినా ఎర్త్ అందని పెట్టె మీద ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. కరెంటు స్వల్పమే కాబట్టి వేలికి జివ్వుమని మాత్రమే అనిపిస్తుంది. పాట బాగుండాలని ఎర్త్ తీసేయడం ఏ పరిస్థితిలోనూ సమర్థించలేని పని. చిన్నపిల్లలు తిరిగే హాల్లో అయితే మరీనూ.

ఎర్త్‌ను ముట్టుకోకుండానే వలయాన్ని తెంచే, లేదా దాని ప్రభావాన్ని తగ్గించే మార్గాలున్నాయి. మొదటిది ఖర్చు లేనిది. యాంప్లిఫయర్, టీవీ, ప్లేయర్, వీలైతే సబ్‌వూఫర్ కూడా ఒకే గోడ సాకెట్ నుంచి తీసిన ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టాలి. అన్నిటి ఎర్త్ తీగలూ ఒకే చోట కలిస్తే వాటి మధ్య తేడా నామమాత్రమవుతుంది. ఒకే సాకెట్ మీద ఇంత భారమా అన్న సందేహం సహజం. 6 యాంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు ఇవ్వగలదు. పరికరాల వెనక రాసిన వాట్లు కూడితే మామూలు ఇంటి ఆడియో సెట్టు అందులో ఇమిడిపోతుంది. ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్ దానికి తగిలించకుండా ఉంటే చాలు. దీంతోనూ తగ్గకపోతే కేబుల్ టీవీ వైరు దారిలో గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం, సబ్‌వూఫర్ కేబుల్ దారిలో మంచి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. చవకబారు ట్రాన్స్‌ఫార్మర్ బాస్‌ను తినేస్తుంది కాబట్టి సబ్‌వూఫర్‌కు పెట్టేటప్పుడు ఇక్కడ పొదుపు పనికిరాదు. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు ఆప్టికల్ కేబుల్ వేయడం మరో మార్గం. తోషిబా 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో కేబుల్ గుండా పోయేది వెలుగు. కరెంటు దాటే వీలే లేదు కాబట్టి ఆ కేబుల్ గుండా వలయం ఏర్పడదు.

ఇప్పుడంతా డిజిటల్ కదా, ఈ బాధలన్నీ పాతకాలానివి కావా అనేవారికి సగం న్యాయం ఉంది. అన్నీ ఒకే పెట్టెలో ఉన్న సౌండ్‌బార్, వైర్‌లెస్ సబ్‌వూఫర్ వాడేవారికి ఈ వ్యాసంలో చెప్పినవి చాలావరకు అవసరం రావు. డిజిటల్ సంకేతంలోని ఒకట్లు, సున్నాలు కాస్త రొదను తట్టుకుంటాయి కూడా. కానీ హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్లకూ షీల్డు ఉంది, గ్రౌండ్ తీగ ఉంది. వాటి గుండా వలయం ఏర్పడితే ఆ కరెంటు యాంప్లిఫయర్‌లోని అనలాగ్ భాగాన్ని చేరుతుంది. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే స్పీకర్లో సన్నని కీచుమనే రొద మొదలై, చార్జర్ తీయగానే ఆగిపోవడం ఇందుకు రుజువు.

ఖరీదైన కేబుళ్ల మాటా తేల్చాలి. వాటివల్ల అసలు ఏ లాభం లేదనడం పొరపాటు. పైన లెక్క చూశాం: షీల్డు నిరోధం సగమైతే గ్రౌండ్ లూప్ వల్ల కలిసే రొద కూడా సుమారుగా సగమవుతుంది. కాబట్టి పొడవాటి సబ్‌వూఫర్ కేబుల్‌కూ, టర్న్‌టేబుల్‌కూ ఒత్తయిన రాగి షీల్డు, బిగువుగా కూర్చునే పిన్నులు ఉన్న కేబుల్ కొనడం సబబే. ఆ గుణాలు మధ్యరకం ధరలోనే దొరుకుతాయి. అంతకుమించి పెట్టే ప్రతి రూపాయీ రొద విషయంలో వృథా. సగం తగ్గడమంటే 6 డెసిబెల్సే. అన్నిటినీ ఒకే సాకెట్‌కు మార్చి ఎర్త్‌ల మధ్య తేడానే తీసేస్తే రొద దాదాపు మొత్తం పోతుంది. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి రొద వదలదు. 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో రాసిన పరిశోధన పత్రం దీనికి కారణం చూపింది. చాలా పరికరాల్లో కేబుల్ షీల్డును ఇనుప పెట్టెకు కలపకుండా లోపలి సర్క్యూట్ బోర్డుకు కలుపుతున్నారని, దాంతో షీల్డు మీది రొద నేరుగా లోపలికి వస్తోందని ఆయన వివరించాడు. అలాంటి పరికరం విషయంలో తప్పు తయారీదారుది, వైర్లది కాదు.

జబ్బు ఏదో తేల్చుకోవడానికి మీటర్లు అక్కర్లేదు, చెవులు చాలు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా రొద అలాగే ఉంటే అది వాల్యూమ్ నాబ్ తర్వాత పుడుతోంది: యాంప్లిఫయర్ పవర్ సప్లై కావచ్చు, సబ్‌వూఫర్ కేబుల్ కావచ్చు. వాల్యూమ్‌తోపాటు పెరిగితే ఏదో ఇన్‌పుట్ నుంచి వస్తోంది. పరికరాలు ఆపి, ఇన్‌పుట్ కేబుళ్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ, ప్రతిసారీ ఆన్ చేసి వినాలి. ఏది తీస్తే ఆగిందో అదే దారి. టీవీ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి తీయగానే ఆగిపోతే వీధి ఎర్త్ సంగతి బయటపడినట్టే. పాట ఆపినప్పుడు రొద కూడా ఆగితే అది రికార్డింగులోనే ఉంది. పాత టేపుల నుంచి ఎక్కించిన కచేరీల్లో ఇది మామూలే. గుమ్మని లోతుగా ఉంటే తరచుగా అయస్కాంత క్షేత్రం పని. జుర్రుమని కరకుగా ఉంటే గ్రౌండ్ లూప్‌నో, పవర్ సప్లైనో అనుమానించాలి. ఫ్యాన్ వేగం మార్చినప్పుడు రొద మారితే అది తిప్పే నాబ్ ఉన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పని. అది కరెంటు అలను ముక్కలు చేసి పంపుతుంది. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయిస్తే ఆ బాధ ఉండదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే రొద వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప దానికి వేరే మందు లేదు.

వైర్లు సర్దడం చివరి మెట్టు, అదీ అన్ని ప్లగ్గులూ తీశాకే. వెనక భాగాన్ని రెండు వైపులుగా అనుకోండి: పవర్ కార్డులూ, అడాప్టర్లూ ఒక పక్క, సిగ్నల్ కేబుళ్లు రెండో పక్క. విడదీయాలన్నాం కదా అని కుడి, ఎడమ చానళ్ల కేబుళ్లను చెరో దారినా పంపకూడదు. అవి రెండూ కలిసి ఒక వలయం. ఎంత విశాలమైతే అంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. వాటిని ఆనించే నడపాలి. రెండు కట్టలుగా కడితే కంటికీ నీటుగానే ఉంటుంది, కాబట్టి అందం పోతుందన్న భయం అక్కర్లేదు. రెండూ దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. పొడవు మిగలకుండా సరిపడా కేబులే కొనండి. పవర్ కార్డును బిగుతుగా చుట్టచుట్టి మూల దోపితే ఎక్కువ లోడు మీద వేడెక్కుతుంది కూడా.

వీటన్నిటికీ పునాది ఇంటి ఎర్తింగ్. ఐఎస్ 3043 ప్రమాణం ఉన్నది దానికోసమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో సాకెట్ చూపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు ఉండాలి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసి ఉంటారు. న్యూట్రల్ తెగిన రోజున పెట్టెలన్నిటికీ ఫేజ్ వచ్చే ఏర్పాటు అది. మీటర్ రీడింగులు బాగున్నా సాకెట్ విప్పించి ఈ ఒక్కటీ చూడమనండి. కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. కొత్త ఇల్లు కట్టుకుంటున్నవారు, ఇంటీరియర్ పని చేయించుకుంటున్నవారు గోడకు ప్లాస్టరింగ్ కాకముందే టీవీ వచ్చే చోట రెండు పైపులు అడగండి, అడుగు ఎడంతో: ఒకటి కరెంటుకు, ఒకటి సిగ్నల్‌కు. సబ్‌వూఫర్ పెట్టే మూలకు వెళ్లే సాకెట్‌ను కూడా టీవీ యూనిట్ సాకెట్ ఉన్న సర్క్యూట్ నుంచే లాగమని చెప్పండి. ఆ దశలో ఇది ఎలక్ట్రీషియన్‌కు చిన్న అదనపు పని. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొట్టాల్సి వస్తుంది.